టస్కనీ తెల్లరోడ్ల మీద గ్రావెల్ సైక్లింగ్: కియాంతి కొండల్లో రైడ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

కియాంతి కొండల్లో సైకిల్ తొక్కాలనుకునేవాళ్లు చాలామంది ముందు కిలోమీటర్లే చూసుకుంటారు. ఇంటి దగ్గర రోజుకి 80 తొక్కుతున్నాం కదా, అక్కడా 80 పెట్టుకుందాం అనుకుంటారు. అక్కడ 80 కిలోమీటర్లంటే దాదాపు 1,500 మీటర్ల ఎక్కుడు. అందులో సగం కంకర రోడ్డే ఉండొచ్చు. మధ్యాహ్నానికే కాళ్లు మొరాయిస్తాయి. ఇక ఎలాగైనా బస చేరాలన్న టెన్షన్‌లో తెల్లరోడ్డు వదిలేసి, కార్లు తిరిగే తారురోడ్డు పట్టుకుంటారు. అంత దూరం వెళ్లింది దేనికోసమో అదే పోతుంది. అందుకని ఈ ప్రయాణానికి నేను మొట్టమొదట చెప్పేది ఒక్కటే: దూరం తగ్గించుకోండి. మీకు అలవాటైన దూరంలో సగంతో మొదలుపెట్టండి.

కియాంతి అంటే ఇటలీలోని టస్కనీలో ఫ్లోరెన్స్, సియేనా నగరాల మధ్య ఉన్న కొండప్రాంతం. ఊళ్లన్నీ కొండల మీదే ఉంటాయి. ద్రాక్షతోటల్ని, పాత కోటల్ని, పల్లెల్ని కలుపుతూ తారు వేయని తెల్లటి రోడ్లు సాగుతాయి. స్థానికులు వాటిని స్త్రాదె బ్యాంకె అంటారు. వీటికి తారు వేసేయకుండా కాపాడుకోవాలని జాన్‌కార్లో బ్రోచ్చి 1997లో గాయోలె ఇన్ కియాంతి అనే ఊళ్లో లెరోయికా రైడ్ మొదలుపెట్టాడు. పాతకాలం సైకిళ్ల మీద తొక్కే ఆ రైడ్‌కి మొదటి ఏడాది వచ్చింది 92 మంది. దాని స్ఫూర్తితోనే 2007లో స్త్రాదె బ్యాంకె ప్రొఫెషనల్ రేసు పుట్టింది, 2015 నుంచి మహిళల రేసు కూడా జరుగుతోంది. మీకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, లెరోయికా దారికి శాశ్వతంగా బోర్డులు పెట్టారు. మొత్తం 209 కిలోమీటర్లు, సగానికి పైగా మట్టిరోడ్డు. ఏడాది పొడవునా ఎవరైనా తొక్కొచ్చు. ఒక్కరోజులో పూర్తి చేయాలని చూడకండి. ముక్కలుగా చేసుకుంటేనే దాని అందం తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటి వారాల వరకు ఒక మంచి కాలం. సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్య వరకు ఇంకోటి. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. పైగా తెల్లరోడ్డు మీద నీడ తక్కువ. తప్పనిసరైతే తెల్లవారగానే బయల్దేరి పదకొండింటికల్లా ముగించండి.

సెప్టెంబర్‌లో వెళ్తే ద్రాక్ష కోతలు చూడొచ్చు. అక్టోబర్ తొలి వారాంతంలో మాత్రం లెరోయికా వల్ల గాయోలె చుట్టుపక్కల బసలన్నీ నిండిపోతాయి. ప్రశాంతత కావాలంటే ఆ వారం వద్దు. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక పెద్ద ఎక్కుడు మిగలకుండా చూసుకోండి.

మ్యాప్ మీద దారి గీసుకోవడం

ముందు వదిలేయాల్సిన రోడ్లు గుర్తుపెట్టుకోండి. ఫ్లోరెన్స్, సియేనా మధ్య ఉన్న నాలుగు వరసల హైవే మీదికి సైకిళ్లను రానివ్వరు. ఎస్‌ఆర్ 222 కియాంతి మధ్యలోంచి వెళ్లే అందమైన రోడ్డే, కానీ టూరిస్టు కార్లు, మోటార్‌సైకిళ్లు అన్నీ దాని మీదే ఉంటాయి. ఎస్‌ఆర్ 2 అంటే పాత కాసియా రోడ్డు, దాని మీద లారీలు తిరుగుతాయి. ఈ రెండింటినీ దాటడానికి వాడుకోండి గానీ వాటి వెంట సాగకండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ ఆధారంగా నడిచే చాలా ప్లానర్ యాప్‌లు రోడ్డు ఉపరితలం ఏమిటో చూపిస్తాయి. కొండ శిఖరం వెంట సాగే మట్టిరోడ్డు ఉందేమో వెతకండి. లోయ అడుగున ఉన్న రోడ్డు మ్యాప్ మీద చదునుగా కనిపిస్తుంది, కానీ ట్రాఫిక్ అక్కడే ఉంటుంది. శిఖరం వెంట వెళ్లే దారికి ఒక్కసారి కష్టపడి ఎక్కితే చాలు, తర్వాత చాలాసేపు చిన్న చిన్న ఎగుడుదిగుళ్లతో రెండు పక్కల లోయలు చూసుకుంటూ వెళ్లిపోవచ్చు. అదే లోయల్ని అడ్డంగా కోసుకుంటూ వెళ్లే దారి గీస్తే ప్రతి వాగు దగ్గరా దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎత్తు గ్రాఫ్ చూడగానే ఈ తేడా తెలిసిపోతుంది. మొత్తం ఎక్కుడు ఒక్కటే ఉన్నా, రంపం పళ్లలా కనిపించే గ్రాఫ్ మనిషిని ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

తర్వాత టైమ్ లెక్క. చదును మీద మీరు గంటకి 20 కిలోమీటర్లు పోతారనుకుందాం. 50 కిలోమీటర్లకు రెండున్నర గంటలు. దానికి ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ 10 నిమిషాలు కలపండి. 1,000 మీటర్ల ఎక్కుడు ఉంటే ఇంకో వంద నిమిషాలు. మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు, అదీ ఆగకుండా తొక్కితే. నీళ్లకు, ఫొటోలకు, ఒక కాఫీకి, ఒక పంక్చర్‌కి కలిపి ఇంకో గంటన్నర వేసుకోండి. ఈ లెక్క ముందే వేసుకుంటే రోజంతా గడియారం చూసుకోవాల్సిన పని ఉండదు.

గీసుకున్న దారి ఫైల్‌ని ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్‌తో సహా దించుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంటుంది. దారి మధ్యలో గేటో గొలుసో అడ్డం వస్తే వెనక్కి తిరగండి. చాలా తెల్లరోడ్లు ఎస్టేట్ల మధ్య నుంచి వెళ్తాయి, సైకిళ్లను రానిస్తున్నారంటే అది వాళ్ల మంచితనం. ఆ నమ్మకం మన తర్వాత వచ్చేవాళ్లకీ మిగలాలి.

సైకిల్ ఎలా ఉండాలి

అద్దెకు తీసుకున్నా, సొంతది పట్టుకెళ్లినా రెండే విషయాల మీద పట్టుబట్టండి: టైర్లు, చిన్న గేరు. మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

టైరు వెడల్పు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటే హాయి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ రోడ్ల మీద రాళ్లు పదునుగా ఉంటాయి, ట్యూబ్ ఉంటే రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 32, వెనక 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. గాలి ఎక్కువైతే చిన్న రాయి మీద కూడా సైకిల్ ఎగిరిపడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. తక్కువైతే రాయి తగిలినప్పుడు రిమ్ టక్కుమంటుంది. ఆ చప్పుడు ఒక్కసారి వినిపించినా ఆగి నాలుగు పీఎస్‌ఐ కొట్టండి. ట్యూబ్‌లెస్ అయినా సరే ఒక ట్యూబ్, పంపు, టైరు తీసే లీవర్లు, చిల్లు పూడ్చే ప్లగ్ కిట్ వెంట ఉండాల్సిందే. మీరు వెళ్లే దారుల్లో గంటసేపు ఎవరూ కనిపించకపోవచ్చు.

గేరు సంగతి. ముందు, పెడళ్ల దగ్గరున్న పళ్ల చక్రానికి 40 పళ్లు, వెనక పళ్ల చక్రాల్లో అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లు అనుకోండి. నిమిషానికి 60 సార్లు తొక్కినా వేగం గంటకు 9 కిలోమీటర్లు ఉంటుంది. 12 శాతం ఎక్కుడు (వంద మీటర్లకు 12 మీటర్లు పైకి) మీద ఆ వేగం నిలబెట్టడం మామూలు మనుషుల వల్ల కాదు. అప్పుడు నిమిషానికి 40 సార్లు బరువుగా తొక్కాల్సి వస్తుంది, మోకాళ్లు పోతాయి. వెనక 44 ఉంటే అవే 60 తొక్కుళ్లకు 7 కిలోమీటర్లే. అందుకని అద్దె షాపు వాళ్లకు మెయిల్ రాసేటప్పుడు మోడల్ పేరు కాదు, ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్లు, వెనక పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు అని అడగండి. వెనక అంకె ముందు దానికంటే పెద్దదైతే తీసుకోండి.

బెల్లు, లైట్లు ఇటలీ చట్టం ప్రకారం ఉండాలి. ఊరి బయట చీకటి పడ్డాక, సొరంగాల్లో రిఫ్లెక్టివ్ జాకెట్ కూడా తప్పనిసరి. మడిస్తే పిడికిలిలో పడుతుంది, బ్యాగ్‌లో పడేసుకోండి.

కంకర మీద తొక్కే పద్ధతి

తెల్లరోడ్డు మీద కార్ల చక్రాలు నలిపి గట్టిపరిచిన రెండు చారలు ఉంటాయి. ఆ రెండింటి మధ్యలో, అంచుల్లో వదులు కంకర పోగుపడి ఉంటుంది. మీ స్థానం ఆ చారల్లో ఒకటి. ఒక చార నుంచి ఇంకో చారలోకి మారాలంటే మలుపులో మారకండి, నేరుగా ఉన్నచోట మారండి. మారేటప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పితే ముందు చక్రం కంకరలో దిగబడి జారుతుంది. కాస్త ముందు నుంచే ఏటవాలుగా జరుగుతూ వెళ్లండి, దాటుతున్నంతసేపూ తొక్కడం ఆపకండి.

ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేవకండి. లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గిపోయి ఉత్తినే గిర్రున తిరుగుతుంది. సీటు ముందుభాగానికి జరిగి, మోచేతులు వంచి, ఛాతీ కిందకి దించండి. ముందు చక్రం తేలదు, వెనక చక్రానికి పట్టు ఉంటుంది. గేరు ఎక్కుడు మొదలయ్యే ముందే మార్చేసుకోండి. మధ్యలో ఆగిపోయారనుకోండి, నిటారుగా మొదలుపెట్టాలని తంటాలు పడొద్దు. సైకిల్‌ని రోడ్డుకి అడ్డంగా తిప్పి, రెండు తొక్కుళ్లు అటు పక్కకి తొక్కి, వేగం అందుకున్నాక పైకి తిప్పండి. అంతకన్నా నిటారుగా ఉంటే దిగి నడవండి. ప్రొఫెషనల్ రేసు చివర్లో సియేనా ఊరి లోపలే వీయా సాంతా కతెరీనా వీధి 16 శాతం దాకా ఉంటుంది. అలాంటివి తోటల మధ్య చాలా తగులుతాయి.

అసలు నేర్చుకోవాల్సింది దిగుడు. చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో ఉండాలి, బ్రేకు మీద ఒక్కో వేలు. పెడళ్లు రెండూ నేలకి సమానంగా. పిరుదులు సీటుకి ఒక అంగుళం పైన, కాస్త వెనక్కి. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుంటే ప్రతి రాయి కుదుపూ భుజాల దాకా వస్తుంది, అందుకని వదులుగా పట్టుకోండి, సైకిల్ కింద కాస్త ఊగుతుంది, ఊగనివ్వండి. వేగం తగ్గించడమంతా మలుపుకి ముందు, రోడ్డు నేరుగా ఉన్నప్పుడే జరిగిపోవాలి. మలుపులోకి వెళ్లాక ముందు బ్రేకు పట్టారంటే చక్రం పక్కకి జారుతుంది.

మలుపుకి ముందే ఇంకో ఇబ్బంది కాచుకుని ఉంటుంది. కార్లన్నీ అక్కడే బ్రేకు వేస్తాయి కాబట్టి రోడ్డు మీద అడ్డంగా చిన్న చిన్న గట్లు తేలి ఉంటాయి. వాటి మీద సైకిల్ దడదడలాడిపోతుంది, అదే సమయంలో బ్రేకు వేయాల్సి వస్తుంది, పట్టు చిక్కదు. అందుకని గట్లు మొదలయ్యేలోపే వేగం తగ్గించండి. గట్లు తక్కువగా ఉండేది సాధారణంగా రోడ్డు మరీ అంచున, ఒక అడుగు మేర. కారు రావడం లేదని చూసుకుని ఆ అంచు పట్టుకోండి.

ఎదురుగా కారు వస్తే ఆపేయండి, లేదంటే దాదాపు ఆగినంత నెమ్మదించండి. కారు వెళ్లాక లేచే తెల్లదుమ్ములో పది క్షణాలు ముందేముందో కనిపించదు. కళ్లద్దాలు ఎండ లేకపోయినా పెట్టుకోవాల్సిందే.

నీళ్లు, తిండి

రెండు సీసాలు, ఎండాకాలమైతే మూడు. ఊరి కూడలిలో కొళాయి ఉంటుంది. లేకపోతే ఊరి బయట శ్మశానం గేటు దగ్గర చూడండి, పూలకి నీళ్లు పోయడానికి అక్కడ కొళాయి పెడతారు. ఏ కొళాయి దగ్గరైనా "నొన్ పొతాబిలె" అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగొద్దు, తల తడుపుకోండి.

పల్లెల్లో కిరాణా కొట్లు మధ్యాహ్నం ఒంటిగంటకు మూసేసి సాయంత్రం నాలుగైదింటికి గానీ తెరవరు. ఆదివారం చాలావరకు పొద్దున పూట మాత్రమే తెరిచి ఉంటాయి. బయల్దేరే ముందే రొట్టె, చీజ్, పండు కొనేసుకోండి. కాఫీ, శాండ్‌విచ్ దొరికే బార్లు మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటాయి.

తోటల మధ్య

మే, జూన్ నెలల్లో ద్రాక్ష ఆకులకి తెగులు రాకుండా రాగి, గంధకం మందులు కొడతారు. ట్రాక్టర్ వెనక పెద్ద ఫ్యాన్ తిరుగుతూ పొగమంచులా మందు ఎగజిమ్ముతుంటుంది. అది కనిపిస్తే దాని పక్కనుంచి పోవాలని తొందరపడకండి. గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి ఎగువన ఆగండి. ట్రాక్టర్ వరస చివరికెళ్లి తిరిగేదాకా రెండు మూడు నిమిషాలే పడుతుంది. కోతల కాలంలో ద్రాక్ష నింపిన ట్రాలీలు ఇరుకు రోడ్ల మీద వస్తాయి. ఎక్కే ట్రాలీకి దారి ఇవ్వండి, మధ్యలో ఆగితే దానికి మళ్లీ కదలడం కష్టం. తోట అంచున మోకాలి ఎత్తులో సన్నటి తీగలు కనిపిస్తే ముట్టుకోకండి. అడవిపందులు రాకుండా కరెంటు పెడతారు. పళ్లు కోయడం అసలే వద్దు, అది ఒకరి ఏడాది కష్టం.

వేట కాలం సెప్టెంబర్ మూడో ఆదివారం మొదలై జనవరి 31న ముగుస్తుంది. మంగళవారం, శుక్రవారం మాత్రం ఇటలీ అంతటా వేట నిషేధం. శరదృతువులో వెళ్తుంటే అడవి గుండా పోయే దారులన్నీ ఆ రెండు రోజులకి పెట్టుకోండి. మిగతా రోజుల్లో మెరిసే రంగు చొక్కా వేసుకోండి. దారి పక్కన అడవిపంది వేట జరుగుతోందని బోర్డు పెట్టి ఉంటే ఆ దారి వదిలేయండి.

సియేనాకి దక్షిణాన గొర్రెల మందల దగ్గర తెల్లటి పెద్ద కాపలా కుక్కలు ఉంటాయి. మీద పడటం వాటి పని కాదు, మందని కాయడమే వాటి పని. అరుస్తూ వస్తే దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని మెల్లగా నడవండి. మంద దాటాక అవే ఆగిపోతాయి. వేగంగా తొక్కి తప్పించుకోవాలని చూస్తేనే వెంటపడతాయి.

ఇక వైన్. ఇక్కడి కియాంతి క్లాసికోలో కనీసం 80 శాతం సాంజోవేసె ద్రాక్ష ఉండాలి, సీసా మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉంటుంది. సియేనాకి దక్షిణాన మొంతల్చీనో ఊరి దగ్గర చేసే బ్రునెల్లో అనే వైన్ పూర్తిగా సాంజోవేసెతోనే చేస్తారు. రుచి చూడాలనుకుంటే ముందురోజే ఫోన్ చేసి టైమ్ తీసుకోండి, చాలా ఎస్టేట్లలో అప్పటికప్పుడు వెళ్తే కుదరదు. ఆ టైమ్‌ని రైడ్ ముగిశాక పెట్టుకోండి. ఇటలీలో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ పరిమితి సైకిల్ తొక్కేవాళ్లకీ వర్తిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, వేడికి ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఒక్క గ్లాసు తాగినా దిగుడు మీద చూపు, చేయి రెండూ మందగిస్తాయి. సీసాలు కొంటే హోటల్‌కి పంపించమని అడగండి.

వాన పడితే

కియాంతిలో నేల రాతి నేల, వాన వెలిశాక కొన్ని గంటల్లో తొక్కొచ్చు. సియేనాకి దక్షిణాన క్రేతె సెనేసి అనే ప్రాంతంలో అంతా బంకమన్ను. తడిస్తే టైరుకి చుట్టుకుని ఫ్రేముకీ చక్రానికీ మధ్య బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు. ఇటలీలో మూడు వారాలు సాగే జీరో దితాలియా రేసులో, 2010లో, మొంతల్చీనో స్టేజి వానలో జరిగి, రైడర్ల ముఖాలు కూడా గుర్తుపట్టలేనంత బురదమయమైంది. ఆస్ట్రేలియా రైడర్ కాడెల్ ఎవాన్స్ దాన్ని గెలిచాడు. మనకి అంత అవసరం లేదు. వాన పడిన మర్నాడు అటు వెళ్లకండి, కియాంతిలోనే ఉండండి.

మూడు రోజులకు మూడు దారులు

మొదటి రోజు గాయోలె నుంచి. దక్షిణంగా బ్రోలియో కోట దాకా వెళ్లండి. కోటకి ఎక్కే తెల్లరోడ్డుకి రెండు వైపులా సైప్రస్ చెట్లు బారులు తీరి ఉంటాయి, ఎండలోనూ కాస్త నీడ దొరుకుతుంది. అక్కడి నుంచి ప్యానెల్లా, వాల్యాల్యి, రాద్దా మీదుగా తిరిగి గాయోలె. 50 కిలోమీటర్ల లోపే పూర్తి చేసుకోవచ్చు. వాల్యాల్యి తర్వాత రాద్దా వైపు వచ్చే మట్టిరోడ్డు చాలా ప్రశాంతంగా ఉంటుంది, అక్కడికి చేరేసరికి కాళ్లలో శక్తి మిగలాలి. గాయోలెకి రైలు లేదు. సియేనా దాకా రైలులో వచ్చి, అక్కడి నుంచి కారో బస్సో చూసుకోండి.

రెండో రోజు, నేల పొడిగా ఉంటే, క్రేతె సెనేసిలోని అషానో ఊరు. ఊరికి ఉత్తరాన మోంతె సాంతె మరీయె అనే 11.5 కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉంది. స్త్రాదె బ్యాంకె రేసుని మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాన్‌చెల్లారా పేరు దానికి పెట్టారు. తోటలు తగ్గి, చెట్టు లేని బూడిదరంగు మట్టి గుట్టలు, గోధుమ పొలాలు మొదలవుతాయి. ఎగుడుదిగుళ్లు చిన్నవే గానీ నిటారుగా ఉంటాయి. నీళ్లు దొరకవు, సీసాలన్నీ అషానోలోనే నింపుకోండి.

మూడో రోజు బ్వొన్‌కొన్వెంతో నుంచి మొంతల్చీనో. లోయలోంచి మొదలుపెట్టి 564 మీటర్ల ఎత్తున్న ఊరికి చేరాలి. కాస్తిల్యోన్ దెల్ బోస్కో మీదుగా వెళ్లే మట్టిరోడ్డు పట్టుకోండి. దూరం ఎక్కువే గానీ కార్లు ఉండవు. భోజనం మొంతల్చీనోలో చేసి, దిగేటప్పుడు తొర్రెనియేరి వైపు దిగండి.

అషానో, బ్వొన్‌కొన్వెంతో రెండింటికీ సియేనా నుంచి ప్రాంతీయ రైళ్లున్నాయి. సైకిల్ గుర్తు ఉన్న రైలు చూసుకుని సైకిల్‌కి విడిగా టికెట్ కొనండి. ఫ్రెచ్చా అనే హైస్పీడ్ రైళ్లలో విప్పి బ్యాగ్‌లో పెట్టనిదే సైకిల్ ఎక్కనివ్వరు. ఆదివారాల్లో ఈ చిన్న లైన్లలో సర్వీసులు తగ్గుతాయి, ఒక్కోసారి రైలు బదులు బస్సు వేస్తారు, అందులో సైకిల్‌కి చోటు ఉండకపోవచ్చు. అందుకని ఈ రెండు దారుల్నీ ఆదివారం కాకుండా చూసుకోండి. దారిలో ఏదైనా ప్రమాదం జరిగితే ఫోన్ చేయాల్సిన నంబర్ 112.